మనసుకు వైద్యం చేసే వారిలో మనవారెందరు?

ధర్మశాస్త్ర పండితులు షరీఅత్ ఆదేశాలన్నింటినీ నిశితంగా పరిశీలించి, వాటి వెనుక ఐదు ప్రధాన ఉద్దేశ్యాలు ఉన్నాయని తేల్చారు. అవి ధర్మ పరిరక్షణ, ప్రాణ పరిరక్షణ, బుద్ధి పరిరక్షణ, వంశ పరిరక్షణ, ధన పరిరక్షణ. ధర్మాన్ని కాపాడేందుకు మనం మస్జిదులు, మదరసాలు నిర్మించుకున్నాం. ప్రాణాన్ని కాపాడేందుకు ఆస్పత్రులు కట్టుకున్నాం, బిడ్డలను డాక్టర్లుగా చదివిస్తున్నాం. ధనాన్ని కాపాడుకునే విషయంలో ఎవరూ మనకు పాఠాలు చెప్పనవసరం లేదు. మరి బుద్ధిని కాపాడేందుకు మనం చేసిందేమిటి? మద్యం నిషిద్ధమని చెప్పుకొని అక్కడితో ఆగిపోయాం. మద్యం వల్ల కాక వ్యాధి వల్ల, దుఃఖం వల్ల, భయం వల్ల బుద్ధి చెదిరిన మనిషికి చేయూతనిచ్చే నిపుణులు మన సముదాయంలో ఎంతమంది ఉన్నారు?

ఒక్కసారి మన బంధువర్గాన్ని గుర్తు చేసుకోండి. ఇంజినీర్లు కనిపిస్తారు. వైద్యులు, ఫార్మసీ చదివినవారు, గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాలు చేస్తున్నవారు కనిపిస్తారు. సైకాలజీ చదివి, మానసిక వ్యాధులతో బాధపడేవారికి సేవ చేస్తున్న వ్యక్తి ఒక్కరైనా గుర్తుకు వస్తారా? చాలా కుటుంబాల్లో ఈ ప్రశ్నకు లేదనే సమాధానమే వస్తుంది. ఈ లోటుకు మూల్యం చెల్లిస్తున్నది రోగులు, వారి తల్లిదండ్రులు, వారి భార్యాబిడ్డలు. ఆ మూల్యం ఎంతటిదో తెలిపే సంఘటన ఒకటి మన దేశ చరిత్రలో ఉంది.

ఎర్వాడి నేర్పిన గుణపాఠం

తమిళనాడులోని రామనాథపురం జిల్లాలో ఎర్వాడి అనే ఊరు ఉంది. అక్కడి దర్గాకు దూరప్రాంతాల నుండి మానసిక రోగులను తీసుకువచ్చి, చుట్టుపక్కల వెలసిన ప్రైవేటు గృహాలలో ఉంచి వెళ్ళేవారు. 2001 ఆగస్టు 6న తెల్లవారకముందే అలాంటి ఒక గృహంలో నిప్పంటుకుంది. అది తాటాకు పాక. లోపల ఉన్న రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉన్నారు. పారిపోవటానికి కాళ్ళున్నా కదలలేక 28 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఆ రోగులను అక్కడ వదలి వెళ్ళినవారు కఠిన హృదయులని అనుకోవటం అన్యాయం. వారిలో ఎక్కువమంది అన్ని దారులూ మూసుకుపోయిన తల్లిదండ్రులు, అన్నదమ్ములు. బిడ్డకు వచ్చింది రోగమని చెప్పినవారు లేరు, చెప్పినా ఎక్కడికి తీసుకెళ్ళాలో చూపినవారు లేరు. ఈ విషాదం తరువాత సుప్రీంకోర్టు స్వయంగా జోక్యం చేసుకుంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో బంధించడాన్ని ఏ రూపంలోనూ అనుమతించలేదు. గొలుసు విప్పమని చట్టం చెప్పగలదు. విప్పిన తరువాత ఆ మనిషి పక్కన కూర్చొని, అతని మాట విని, వైద్యం చేసే వ్యక్తిని మాత్రం చట్టం పుట్టించలేదు. ఆ వ్యక్తిని కుటుంబమూ సమాజమూ కలిసి తయారు చేయవలసి ఉంటుంది.

దుఃఖం ఈమాన్ లోపమా?

మానసిక వ్యాధి అనగానే మనవారి నోటి నుండి వెలువడే మొదటి మాట “నమాజు సరిగా చేస్తే అన్నీ సర్దుకుంటాయి” అన్నది. నమాజు హృదయానికి ప్రశాంతతనిస్తుందనటంలో ఏ విశ్వాసికీ సందేహం లేదు. కాని ఆ మాటను రోగి మీద నిందగా విసరినప్పుడు అతనికి ఉన్న వ్యాధికి తోడు తాను దైవానికి దూరమయ్యానన్న అపరాధ భావన కూడా చేరుతుంది.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) ఉదంతాన్ని దివ్యఖుర్‌ఆన్ మనకు వినిపించింది. కుమారుడు యూసుఫ్ ఎడబాటుతో ఆయన ఎంతగా కుమిలిపోయారంటే ఆయన కళ్ళు తెల్లబడిపోయాయి. సుందరమైన సహనం వహించినవారూ ఆయనే, కన్నీరు కార్చినవారూ ఆయనే. ఒక దైవప్రవక్త దుఃఖాన్ని ఈమాన్ లోపమని ఎవరనగలరు? దైవప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ ఖదీజా (రజి) గారిని, తండ్రి సోదరుడైన అబూ తాలిబ్‌ను ఒకే కాలంలో కోల్పోయిన సంవత్సరాన్ని చరిత్రకారులు దుఃఖ సంవత్సరమని పిలిచారు. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు ఆయన (స) కళ్ళు వర్షించాయి.

ధర్మశాస్త్రం ఇంకో అడుగు ముందుకు వేసింది. నిద్రిస్తున్నవాడు మేల్కొనే వరకు, బాలుడు యుక్తవయస్కుడయ్యే వరకు, మతి కోల్పోయినవాడు కోలుకునే వరకు వారి కర్మలు లిఖించబడవని హదీసు తెలుపుతోంది. దీని అర్థం ఏమిటి? మతి చెదరటం పాపం కాదు, శిక్ష కాదు, అది ఒక స్థితి; దాని నుండి కోలుకోవటం సాధ్యమే. వృద్ధాప్యం మినహా ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందును సృష్టించాడని, చికిత్స చేయించుకోండని కూడా దైవప్రవక్త (స) ఉపదేశించారు. శరీర వ్యాధులను మాత్రమే ఉద్దేశించి ఆయన ఆ మాట అన్నారని ఏ పండితుడూ చెప్పలేదు.

జిన్నుల ఉనికి ఖుర్‌ఆన్ ద్వారా రుజువైన సత్యం. ఖుర్‌ఆన్ పారాయణంతో, ప్రవక్త (స) నేర్పిన దుఆలతో చేసే రుఖియా ధర్మసమ్మతం. అయితే నిద్ర పట్టని ప్రతి మనిషినీ, ప్రసవం తరువాత దిగులుతో ఏడ్చే ప్రతి బాలింతనూ “అసర్” అయిందంటూ ఆమిల్ వద్దకు నడిపించటానికి షరీఅత్‌లో ఆధారమేదీ లేదు. వేలకు వేలు గుంజి, రోగిని కొట్టి, పరాయి స్త్రీని గదిలో ఒంటరిగా కూర్చోబెట్టే వాడు చేసేది రుఖియా కానే కాదు, అది దోపిడి.

మనం మరచిన వారసత్వం

ఈ శాస్త్రం మనకు పరాయిది అనుకునేవారు చరిత్ర పుటలు తిరగేయాలి. బల్ఖ్ ప్రాంతంలో జన్మించి, క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీర ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం రెండింటినీ ఒకే గ్రంథంలో చర్చించారు. ‘మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్’ అన్నది దాని పేరు. మనసు జబ్బులను ఆయన కోపం, భయం, విచారం, వస్‌వసా అని నాలుగు భాగాలుగా విభజించారు. తెలిసిన కారణం వల్ల కలిగే విచారం వేరు, ఏ కారణమూ కనిపించకుండా ముంచుకొచ్చే విచారం వేరు అని వివరించారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మంచి ఆలోచనలను మనసులో భద్రపరచుకొని, ఆపదవేళ వాటిని ఇంట్లో దాచిన మందుల వలె వాడుకోవాలని సూచించారు. నేటి నిపుణులు ఆలోచనా సరళిని మార్చటం ద్వారా చేసే చికిత్సకు ఇది ఎంత దగ్గరగా ఉందో ఆ శాస్త్రం చదివినవారు గ్రహించగలరు.

గ్రంథాలతోనే ఆగలేదు. క్రీ.శ. 1154లో సుల్తాన్ నూరుద్దీన్ డమాస్కస్‌లో, 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో నిర్మించిన బీమారిస్తాన్‌లలో మతిస్థిమితం తప్పినవారికి కూడా చోటు ఉండేది. వాటి ఖర్చును వక్ఫ్ ఆస్తులు భరించేవి. టర్కీలోని ఎదిర్నె నగరంలో సుల్తాన్ రెండవ బాయజీద్ 1488లో పూర్తి చేసిన వైద్యాలయంలో నీటి గలగలలు, మృదు సంగీతం, సువాసనలు రోగుల చికిత్సలో భాగమై ఉండేవి. రోగిని గొలుసుకు కట్టి వదలివేయటం కన్నా ఎంతో మేలైన సంప్రదాయం మనకు ఉండేదని చెప్పటానికి ఈ మాత్రం చాలు.

ఇమామ్ గజాలీ (రహ్మలై) తన కాలంలోనే ఒక హెచ్చరిక చేశారు. ఎన్నో పట్టణాల్లో ముస్లిం వైద్యుడు ఒక్కడూ కనిపించడని, వైద్యమంతా ఇతరుల చేతిలోనే ఉందని, అయినా విద్యార్థులందరూ ధర్మశాస్త్రంలోని వాదప్రతివాదాల వైపే పరుగులు తీస్తున్నారని ఆయన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో వాపోయారు. వైద్యం ఫర్జె కిఫాయా అని, అంటే సముదాయంలో కొందరైనా తప్పక నెరవేర్చవలసిన విధి అని, ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులవుతారని ఆయన గుర్తు చేశారు. ధర్మశాస్త్రంలో మహాపండితుడైన వ్యక్తి, ధర్మశాస్త్ర విద్యార్థులను ఉద్దేశించి ఆ మాట అనటం గమనార్హం. నేడు ఆ హెచ్చరిక మానసిక వైద్యానికి అక్షరాలా వర్తిస్తుంది.

అవసరం కొండంత, నిపుణులు గోరంత

బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాలలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. 18 ఏళ్ళు నిండినవారిలో నూటికి పదిమందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 10.6 శాతం మంది, ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని అందులో తేలింది. చికిత్స అందనివారి వాటా వ్యాధిని బట్టి 70 నుండి 92 శాతం వరకు ఉంది. మన దేశంలో లక్ష జనాభాకు సగటున ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు, లెక్క 0.75 దగ్గరే ఆగింది. క్లినికల్ సైకాలజిస్టుల సంఖ్య అంతకన్నా తక్కువ.

దేశమంతటా ఉన్న ఈ కొరత మన వద్ద రెట్టింపు అవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ముస్లింలు 14.2 శాతం. 2020-21 నాటి అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నవారిలో మన వాటా 4.6 శాతం మాత్రమే. కళాశాల గుమ్మం వరకే ఇంత తక్కువమంది చేరుతుంటే, డిగ్రీ, పీజీ దాటి ప్రత్యేక శిక్షణ కోరే సైకాలజీ వృత్తి వరకు చేరేవారు ఎంతమంది ఉంటారో ఊహించటం కష్టం కాదు.

మనవారే ఎందుకు?

ఇక్కడ ఒక అపార్థం రాకూడదు. ముస్లిం రోగి ముస్లిం వైద్యుని వద్దకే వెళ్ళాలని ఎవరూ అనటం లేదు. హిజ్రత్ వంటి అతి కీలకమైన ప్రయాణంలో దైవప్రవక్త (స) దారి చూపేందుకు అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్ అనే ముస్లిమేతరుణ్ణి నియమించుకున్నారు. అతనికి దారి తెలుసు, అతను నమ్మకస్థుడు. ఆ రెండు అర్హతలూ సరిపోయాయి. నేడు మన రోగులకు సేవ చేస్తున్న హిందూ, క్రైస్తవ వైద్యులు ఎందరో ఉన్నారు. వారికి మనం కృతజ్ఞులమై ఉండాలి.

అయినా శరీర వైద్యానికి, మనసు వైద్యానికి ఒక తేడా ఉంది. ఎముక విరిగితే ఎక్స్‌రే తీస్తే తెలుస్తుంది. మనసు విరిగితే మాట ద్వారానే తెలియాలి. హైదరాబాద్ పాతబస్తీలో ఒక తల్లి “దిల్ బైఠ్ జారా” అంటుంది, “జీ ఘబ్రారా” అంటుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా సోదరి అదే బాధను “గుండె దడ”, “గాలి సోకింది” అని చెబుతుంది. ఈ మాటల్లో ఏది గుండెజబ్బు, ఏది దిగులు, ఏది భయం అన్నది ఆ భాషలో పెరిగినవారికి ఇట్టే తెలుస్తుంది. ఇతరులు నేర్చుకోలేరని కాదు. కాని నేర్చుకునేలోగా రోగి రెండోసారి రావటం మానేస్తుంది.

వస్‌వసా వ్యాధినే ఉదాహరణగా తీసుకుందాం. ఒక యువకుడు వుజూ చేయటానికి గంట సేపు తీసుకుంటాడు. మోచేయి తడిసిందో లేదో అని మళ్ళీ మళ్ళీ కడుగుతాడు. నియ్యత్ సరిగా కుదరలేదని తక్బీర్ పదేపదే చెబుతాడు. చేతులు పగిలి రక్తం వస్తున్నా ఆపలేడు. ఇంట్లోవారు దాన్ని భక్తి అనుకొని మురిసిపోతారు. మన ఆచారాలతో పరిచయం లేని వైద్యుడు వుజూ అంటేనే ఇంత కడగటం కాబోలు అనుకొని వదలివేయవచ్చు; లేదా నమాజే మానేయమని సలహా ఇవ్వవచ్చు. మొదటిది వ్యాధిని దాస్తుంది. రెండోది రోగిని వైద్యానికే దూరం చేస్తుంది.

సైకాలజీ, ఫిఖహ్ రెండూ తెలిసిన నిపుణుడు ఏం చేస్తాడు? ఈ వ్యాధికి నేడు ఆధునిక చికిత్స ఏమిటంటే, అనుమానం పీడిస్తున్నా ఒక్కసారి మాత్రమే కడిగి, తరువాత వచ్చే ఆందోళనను ఓర్చుకునేలా రోగికి క్రమక్రమంగా అలవాటు చేయటం. రోగికి వెంటనే వచ్చే ప్రశ్న: “మరి నా నమాజు చెల్లుతుందా?” ఆ నిపుణుడు జవాబు చెప్పగలడు. నిశ్చయంగా తెలిసిన విషయం అనుమానంతో రద్దు కాదన్నది ఫిఖహ్‌లో ప్రసిద్ధ సూత్రం. అదేపనిగా అనుమానాలతో సతమతమయ్యేవారు వాటిని పట్టించుకోరాదని ఫుఖహా ఏనాడో తేల్చి చెప్పారు. వైద్యుడు చేయమన్నదీ, షరీఅత్ చేయమన్నదీ ఒకటేనని తెలిసిన క్షణాన రోగి భుజాల మీది కొండ దిగుతుంది.

తలాఖ్ విషయంలోనూ ఇదే పరిస్థితి. మనసులో ఆ మాట మెదిలినంత మాత్రాన నికాహ్ తెగిపోయిందేమోనన్న భయంతో ముఫ్తీల చుట్టూ తిరిగేవారున్నారు. నోటితో పలకనంత వరకు, ఆచరించనంత వరకు హృదయంలో మెదిలే ఆలోచనలను అల్లాహ్ ఈ ఉమ్మత్‌కు మన్నించాడని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు. ముఫ్తీ ఈ సమాధానం చెబుతారు, ప్రశ్నించినవాడు తృప్తిపడి వెళతాడు, మరునాడు అదే ప్రశ్నతో మరో ముఫ్తీ వద్ద నిలబడతాడు. ఎందుకంటే అతనికి కావలసింది ఫత్వా ఒక్కటే కాదు, చికిత్స కూడా. ముఫ్తీ, మానసిక నిపుణుడు చేతులు కలపవలసిన చోటు ఇదే.

మన స్త్రీల సంగతి మరీ ముఖ్యం. ప్రసవానంతర దిగులు, అత్తవారింటి హింస, సంతానలేమి తెచ్చే వేదన వంటి విషయాలను పర్దా పాటించే స్త్రీ పరాయి పురుషుని ముందు విప్పి చెప్పలేదు. చెప్పలేక లోలోపల కుమిలి, ఏళ్ళ తరబడి తలనొప్పి మాత్రలు మింగుతూ ఉంటుంది. ఆమె మాట వినే ఒక సోదరి ప్రతి పట్టణంలో ఉండాలి.

అమెరికా నల్లజాతీయుల అనుభవం

ఒక అల్పసంఖ్యాక వర్గం ఈ వృత్తిలో ప్రవేశిస్తే ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే అమెరికా నల్లజాతీయుల చరిత్ర చూడాలి. 1920లో ఫ్రాన్సిస్ సమ్నర్ క్లార్క్ విశ్వవిద్యాలయం నుండి సైకాలజీలో డాక్టరేట్ పొందారు. అమెరికాలో ఆ పట్టా పొందిన మొదటి నల్లజాతీయుడు ఆయనే. ఆయన తరువాత హోవర్డ్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగాన్ని తీర్చిదిద్దారు. ఆయన వద్ద చదివిన కెన్నెత్ క్లార్క్, ఆయన భార్య మేమీ క్లార్క్ కలిసి ఒక పరిశోధన చేశారు. మూడు నుండి ఏడేళ్ళ వయసు గల నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మను, నల్ల బొమ్మను ఉంచి ఏది మంచిదని అడిగారు. ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. వేరు చేసి చదివించే పద్ధతి పసి మనసులలో తమ మీద తమకే ఏవగింపు కలిగిస్తోందని ఆ దంపతులు నిరూపించారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు పాఠశాలల్లో వర్ణవివక్ష రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించినప్పుడు ఆ పరిశోధననూ ప్రస్తావించింది.

కాలిఫోర్నియాలో ఇంకో పోరాటం నడిచింది. తెలివితేటల పరీక్షల ఆధారంగా నల్లజాతి పిల్లలను పెద్ద సంఖ్యలో మందబుద్ధి తరగతుల్లోకి నెట్టేవారు. నల్లజాతి సైకాలజిస్టులు ఆ పిల్లల జీవన నేపథ్యాన్ని దృష్టిలో ఉంచుకొని మళ్ళీ పరీక్షించారు. పిల్లలు మందబుద్ధులు కారని తేలింది. 1971లో కోర్టుకెక్కిన ఆ వివాదంలో 1979లో పిల్లల పక్షాన తీర్పు వచ్చింది. తమ ఇంటి భాష, తమ వీధి అనుభవం తెలిసిన నిపుణుడు లేకపోతే ఆ పిల్లల జీవితాలు ఏమయ్యేవి?

ఈ మార్పు దానంతట అది రాలేదు. 1968లో నల్లజాతి సైకాలజిస్టులు తమ సొంత సంఘాన్ని స్థాపించుకొని, విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థులను చేర్చుకోవాలని డిమాండు చేశారు. కెన్నెత్ క్లార్క్ 1971లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడయ్యారు. 1974లో ఆ సంస్థ అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు ఫెలోషిప్పులు ప్రారంభించింది. అయినా 2015 నాటికి కూడా అక్కడి సైకాలజిస్టులలో 86 శాతం శ్వేతజాతీయులే. 2021 అక్టోబరులో ఆ సంస్థ తన చరిత్రలోని వర్ణవివక్షకు బహిరంగంగా క్షమాపణ కోరింది. ఒక శతాబ్దపు శ్రమకు ఫలితం ఇంత నెమ్మదిగా వచ్చింది. మనం ఇంకా మొదలే పెట్టలేదు.

ఉడుము కన్నంలోకి వద్దు

మన బిడ్డలు ఈ శాస్త్రం చదివితే ధర్మానికి దూరమవుతారేమోనన్న భయం కొందరు పెద్దలకు ఉంది. ఆ భయాన్ని తేలికగా కొట్టిపారేయలేం. ఫ్రాయిడ్ వంటివారు మతాన్నే ఒక భ్రమగా చిత్రించారు. సూడాన్ దేశస్థుడైన ప్రొఫెసర్ మాలిక్ బద్రీ ఈ సమస్యను చాలా ముందుగా గుర్తించారు. పూర్వ జాతుల వారు ఉడుము కన్నంలో దూరితే మీరూ దూరుతారని హదీసులో వచ్చిన ఉపమానాన్ని గ్రహించి, పాశ్చాత్య సిద్ధాంతాలను కళ్ళు మూసుకొని అనుసరించే ముస్లిం సైకాలజిస్టులను ఆయన హెచ్చరించారు. 1979లో ఆ హెచ్చరిక ఒక పుస్తకంగా వెలువడింది.

అయితే ఆయన చెప్పిన పరిష్కారం ఏమిటన్నదే మనకు ముఖ్యం. సైకాలజీని వదలివేయమని ఆయన అనలేదు. జీవితాంతం రోగులకు చికిత్స చేస్తూ, విద్యార్థులకు బోధిస్తూ, ఉపయోగపడే పద్ధతులను స్వీకరించి, విశ్వాసానికి విరుద్ధమైన తాత్విక భావాలను తిరస్కరించారు. అల్ బల్ఖీ గ్రంథంలోని మానసిక భాగాన్ని ఆంగ్లంలోకి తెచ్చింది కూడా ఆయనే. 2021లో ఆయన కన్నుమూశారు. మన దేశంలోనూ పట్నా విశ్వవిద్యాలయంలో సయ్యద్ ముహమ్మద్ మొహ్సిన్ సైకాలజీ ఆచార్యులుగా, ఉర్దూ కథకులుగా పేరు పొందారు. ధర్మం, భాష, శాస్త్రం ఒకదానికొకటి శత్రువులు కావనటానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

దారి ఎటు?

తల్లిదండ్రులు ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది వారే. సైకాలజిస్టు మానసిక పరీక్షలు జరిపి, సంభాషణ ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. సైకియాట్రిక్ సోషల్ వర్కర్ రోగి కుటుంబంతో, ఉపాధితో, పునరావాసంతో వ్యవహరిస్తారు. మూడు చోట్లా మనవారి అవసరం ఉంది.

ఇంటర్మీడియట్ తరువాత సైకాలజీ ఒక ప్రధానాంశంగా డిగ్రీ, ఆపై రెండేళ్ళ పీజీ చేయాలి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన శిక్షణ పొంది, ఆ మండలి రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవటం తప్పనిసరి. నూతన విద్యావిధానం వల్ల కోర్సుల పేర్లు మారుతున్నాయి కాబట్టి ఏ సంస్థలో చేరేముందైనా ఆ మండలి గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. దూరవిద్యలో సైకాలజీ బోధనను యు.జి.సి. 2025లో నిలిపివేసింది. మూడు నెలల సర్టిఫికెట్‌తో “కౌన్సిలర్” అయిపోవచ్చని ఊరించే ప్రకటనలకు మోసపోకండి. అర్ధజ్ఞాని చేతిలో కత్తి ఎంత ప్రమాదమో, అర్ధజ్ఞాని చేతిలో మరొకరి మనసు అంతే ప్రమాదం.

మదరసా పట్టభద్రులకు కూడా తలుపులు మూసి లేవు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మదరసా విద్యార్థులు సాధారణ ఉన్నత విద్యలోకి వచ్చేందుకు బ్రిడ్జి కోర్సులు నడుపుతున్నాయి. ఆలిమ్ చదివిన యువకుడు సైకాలజీలో పీజీ చేస్తే వుజూలో చిక్కుకున్న ఆ రోగికి అతనికన్నా ఆత్మీయుడు ఇంకెవరు?

ప్రతి ఒక్కరి బాధ్యత

తల్లిదండ్రులు “పిచ్చివాళ్ళ మధ్య ఉద్యోగమా, రేపు సంబంధాలు ఎలా వస్తాయి?” అన్న మాటను నోటి నుండి తీసివేయాలి. డాక్టరు కోసం దీర్ఘకాలిక శిక్షణ పెట్టే కోచింగుకు లక్షలు ఖర్చు చేసే కుటుంబం, మనుషుల మాట శ్రద్ధగా వినే స్వభావం గల బిడ్డను ఈ చదువు వైపు పంపటానికి వెనుకాడరాదు.

సంపన్నులు జకాత్ గురించి ఆలోచించాలి. అర్హుడైన పేద విద్యార్థికి జకాత్ సొమ్మును సొంతం చేసి ఇస్తే, ఆ సొమ్ముతో అతను ఫీజు కట్టుకోవచ్చు. భవనానికి, జీతాలకు మాత్రం హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ చెల్లదు. వాటికి సదఖా, వక్ఫ్ నిధులున్నాయి. పట్టణానికి ఇద్దరు విద్యార్థులను ఐదేళ్ళ పాటు చదివించినా పదేళ్ళలో మన పరిస్థితి మారిపోతుంది.

ఉలమా, ఇమాముల బాధ్యత అన్నింటికన్నా పెద్దది. ఎందుకంటే బాధితుడు మొదట వచ్చేది మన వద్దకే. తావీజు అడగటానికో, దుఆ చేయించుకోవటానికో వచ్చిన మనిషి నిద్ర, ఆకలి, మాట తీరు గమనించాలి. దుఆ చేయాలి, ఆపై డాక్టరు వద్దకు పంపాలి. గుజరాత్‌లోని మెహసానా జిల్లా ఉనావాలో మీరా దాతార్ దర్గా ప్రాంగణంలో దుఆతో పాటు దవా కూడా అందేలా సైకియాట్రిస్టులకు చోటు కల్పించారు. ఎర్వాడి విషాదానికి ఇంతకన్నా మంచి జవాబు లేదు. జుమా ఖుత్బాలలో ఏడాదికి ఒక్కసారైనా ఈ అంశం ప్రస్తావనకు రావాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందని ఎవరైనా చెబితే “అది హరామ్” అని మందలించి పంపటంతో మన విధి తీరదు. హరామ్ అని అతనికీ తెలుసు, తెలిసే భయపడి వచ్చాడు. అతణ్ణి ఒంటరిగా వదలకుండా కుటుంబాన్ని పిలిపించి, వైద్యుని వద్దకు చేర్చాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరుపై రేయింబవళ్ళు తెలుగుతో సహా అనేక భాషల్లో అందుబాటులో ఉంది. ఈ నంబరును మస్జిదు నోటీసు బోర్డుపై రాసి ఉంచటం చాలా సులభమైన సదఖా.

ఒక ప్రాణాన్ని కాపాడటం యావత్ మానవాళినీ కాపాడటంతో సమానమని దివ్యఖుర్‌ఆన్ మనకు బోధించింది. బుద్ధి చెదిరిన వ్యక్తిని తిరిగి తన నమాజు వద్దకు, తన పిల్లల వద్దకు, తన పని వద్దకు చేర్చటం కూడా ప్రాణాన్ని కాపాడటమే. ఈ సంవత్సరం ఇంటర్ పూర్తి చేస్తున్న మీ కుమారునితో, మీ కుమార్తెతో ఈ చదువు గురించి ఒక్కసారి మాట్లాడి చూడండి.

వ్యాధిగ్రస్తులకు అల్లాహ్ స్వస్థత చేకూర్చుగాక! వారి సంరక్షకులకు సహనాన్ని, మన యువతకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, మనందరికీ బాధ్యతను గుర్తెరిగే సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.